లింబస్ పోయిన కంటికి ఏ ఆపరేషన్? ఒక కన్నా, రెండు కళ్లా అన్నదాన్ని బట్టి ఎంపిక

కంట్లో సున్నం పడి నల్లగుడ్డు తెల్లగా పూసిపోతే ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "కన్ను మార్పిస్తే సరి." ఐ బ్యాంకు నుంచి కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. వచ్చాక నేరుగా దాన్నే కుట్టించుకుంటే, మొదట అద్దంలా ఉన్న కార్నియా మీదికి కొన్ని నెలల్లో రక్తనాళాలు పాకి మళ్లీ తెల్లపొర కమ్మేస్తుంది. తప్పు దాత కార్నియాది కాదు. దాన్ని నిలబెట్టాల్సిన అంచు ఆ కంట్లో లేదు.

నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే చోట చుట్టూతా ఉండే సన్నటి అంచే లింబస్. కార్నియా పైపొర కణాలు రోజూ రాలిపోతుంటాయి, వాటి స్థానంలో కొత్తవి వస్తుంటాయి. వాటిని పుట్టించే మూలకణాలు ఉండేది లింబస్‌లోనే. డెల్టా రైతు మాటల్లో చెప్పాలంటే లింబస్ నారుమడి, కార్నియా పొలం. తెల్లగుడ్డు మీది పొర గట్టు దాటి తుంగలా పాకకుండా కాపు కాసేదీ ఆ నారుమడే. దాత కార్నియా నుంచి కోసి కుట్టేది నడిమి 7.5 లేదా 8 మిల్లీమీటర్ల బిళ్ల. అందులో నారుమడి ముక్క ఒక్కటీ ఉండదు.

కాబట్టి ముందు లింబస్, ఆ తర్వాత అవసరమైతేనే కార్నియా. ఆపరేషన్ల పేర్లు అరడజను వినిపిస్తాయి గానీ, వాటిలో ఏది మంచిదని అడిగే ముందు తేల్చుకోవాల్సింది మూలకణాలు ఎక్కడి నుంచి తెస్తారన్నది. రెండో కన్ను నిజంగా బాగుంటే దారి ఒకటి, రెండూ పోతే దారి పూర్తిగా వేరు.

ముందు జబ్బు ఇదేనని తేలాలి

మన గుంటూరు, విజయవాడ ప్రాంతంలో లింబస్‌ను ఎక్కువగా దెబ్బతీసేది క్షారం. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పని, కట్టడాల దగ్గర సున్నం, సిమెంటు పాలు, పిల్లలు నొక్కితే చిట్లి కంట్లోకి చిమ్మే పాన్ సున్నం ప్యాకెట్. ఆ తర్వాత బాత్రూం యాసిడ్, బ్యాటరీ యాసిడ్. మందు పడక ఒళ్లంతా బొబ్బలెక్కే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ రెండు కళ్లనూ ఒకేసారి తీసుకుంటుంది. ఏళ్ల తరబడి నలిపిన వేసవి దురద జబ్బు పిల్లల్లో నెమ్మదిగా ఇదే పని చేస్తుంది. మిర్చి కారం సంగతి వేరు. మిర్చి యార్డులో టిక్కీలు (బస్తాలు) దించేవాళ్లకు మంట భరించలేనంతగా ఉంటుంది కానీ, కారం సున్నంలా లింబస్‌ను కాల్చదు. కడిగాక కూడా రెండు రోజులకు తేరుకోకపోతే మాత్రం చూపించుకోవాలి.

పరీక్షలో డాక్టరు చూసేవి మూడు నాలుగు. ఫ్లోరసిన్ పసుపు రంగు చుక్క వేసి కొన్ని నిమిషాలు ఆగి చూస్తే, కార్నియా మీద ఉండకూడని చోట రంగు పట్టుకుని సుడిలా కనిపిస్తుంది. లింబస్‌లో సహజంగా ఉండే సన్నని గీతలు చెరిగిపోయి ఉంటాయి. రక్తనాళాలు లోపలికి వచ్చి ఉంటాయి. సందేహం ఉంటే ఫిల్టర్ కాగితం అద్ది కణాలు తీసి చూస్తారు. తెల్లగుడ్డు పొరలో ఉండే జిగురు కణాలు కార్నియా మీద దొరికితే ఇక సందేహం అక్కర్లేదు. దీని తీవ్రతను 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం మూడు దశలుగా నిర్వచించింది: నడిమి 5 మిల్లీమీటర్లు బాగుంటే మొదటిది, ఆ నడిమి భాగమూ దెబ్బతింటే రెండోది, కార్నియా మొత్తం కప్పేస్తే మూడోది. మీ రిపోర్టులో దశ రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే రాయమని అడగండి. తర్వాత ఏ ఆసుపత్రికి వెళ్లినా మాట్లాడుకోవడానికి అదే ఆధారం.

మొదటి దశలో ఉన్నవాళ్లకు చాలామందికి మార్పిడే అక్కర్లేదు. కారణాన్ని ఆపాలి. కాంటాక్ట్ లెన్సులు రోజంతా పెట్టుకుని తెచ్చుకున్నదైతే లెన్సు మానేసి, ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలతో నెలలు ఓపిక పడితే చాలా కళ్లు కుదుటపడతాయి. లోపలికి పాకుతున్న పొరను అప్పుడప్పుడు మెల్లగా గీకి తీసేసి, మిగిలిన మంచి లింబస్‌కు చోటిచ్చే చిన్న పద్ధతీ ఉంది. వెలుగు చూడలేకపోతున్న కంటికి స్క్లీరల్ లెన్సు, అంటే తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్సు, ఉపశమనం ఇస్తుంది. సగం లింబస్ మిగిలిన కంటికి తొందరపడి పెద్ద ఆపరేషన్ చేయించడం మాకు నచ్చదు.

ఒక కన్నే పోతే: మూడు దారులు

ఇక్కడ మీ అదృష్టం రెండో కన్ను. అందులోంచి తీసిన కణాలు మీవే కాబట్టి శరీరం తిరస్కరించదు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు అక్కర్లేదు. తేడా అంతా ఎంత కోస్తారు, ఎలా పెంచుతారు అన్న దగ్గరే.

పాతది కంజంక్టైవా (తెల్లగుడ్డు మీది పొర), లింబస్ కలిపి తీసే ఆటోగ్రాఫ్ట్, అంటే మీ కణజాలాన్నే మీకు కుట్టడం. 1989లో కెన్యన్, సెంగ్ దీన్ని వివరించారు. కార్నియాను గడియారం ముఖంలా ఊహించుకుంటే, మంచి కంట్లో పైన రెండు గంటల మేర, కింద రెండు గంటల మేర అంచును ముక్కలుగా తీసి, చెడిన కంట్లో అవే స్థానాల్లో కుడతారు. ల్యాబ్ అక్కర్లేదు, ముక్క పెద్దది కాబట్టి పట్టు గట్టిగా ఉంటుంది. దీన్ని ఎంచుకోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. రెప్ప కనుగుడ్డుకు అతుక్కుపోయిన కంట్లో కంజంక్టైవా కూడా కొరతే, ఆ కొరతను ఈ ముక్కే తీరుస్తుంది. ఇబ్బందల్లా మంచి కంటి నుంచి నాలుగు గంటలంత, కొన్నిసార్లు ఆరు గంటలంత అంచు పోవడం. ఆరు దాటితే మంచి కంటికే లోటు మొదలయ్యే ప్రమాదం. ఒకసారి విఫలమైతే మళ్లీ తీయడానికి మిగిలేది తక్కువ.

రెండోది కణాలను ల్యాబ్‌లో పెంచి అతికించడం, వైద్యుల మాటలో క్లెట్. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని బృందం మొదట చూపించింది. మంచి కంటి నుంచి తీసేది 2 మిల్లీమీటర్ల ముక్క మాత్రమే. దాన్ని ల్యాబ్‌లో రెండు వారాల దాకా పెంచి, పొరగా తెచ్చి అతికిస్తారు. మంచి కంటికి నష్టం అతి తక్కువ. కానీ రెండుసార్లు ఆపరేషన్ గదికి వెళ్లాలి, శుద్ధమైన కణాల ల్యాబ్ కావాలి, ఖర్చు అమాంతం పెరుగుతుంది, ల్యాబ్‌లో కణాలు సరిగా పెరగకపోతే మొదటికే వస్తుంది. ఇదే కోవకు చెందిన హోలోక్లార్‌కు ఐరోపాలో 2015లో అనుమతి వచ్చింది. మనవైపు సామాన్య కుటుంబం దీనికోసం వెతుక్కోవాల్సిన అవసరం ఇప్పుడు తగ్గింది. కారణం మూడోది.

స్లెట్. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం రూపొందించి 2012లో ప్రచురించిన పద్ధతి. ల్యాబ్ చేసే పనిని కంటిమీదే చేయించడం ఇందులోని తెలివి. వరస ఇలా ఉంటుంది:

మంచి కంటికి పైరెప్ప చాటున ఉండే చోట, ఒక గంటంత మేర, సుమారు 2 మి.మీ. పొడవు, 2 మి.మీ. వెడల్పు లింబస్ ముక్క తీస్తారు. చెడిన కంటి మీది పొరను, రక్తనాళాలను జాగ్రత్తగా వలిచి, రక్తస్రావం ఆపి, నేలను చదును చేస్తారు. దాని మీద కాన్పు సమయంలో సేకరించి శుద్ధి చేసిన మాయ పొరను ఫైబ్రిన్ జిగురుతో (రక్తంలోని ప్రోటీన్‌తో చేసేది) అతికిస్తారు. లింబస్ ముక్కను 8 నుంచి 10 తునకలు చేసి, కణాలున్న వైపు పైకి ఉండేలా, చూపు మధ్య భాగాన్ని వదిలి, చుట్టూ వలయంలా నాటుతారు. ఒక్కో తునక మీద చిన్న జిగురు చుక్క. పైన మెత్తటి బ్యాండేజ్ కాంటాక్ట్ లెన్సు. పెద్దవాళ్లకు కంటి పక్కన మత్తు సూది చాలు, పిల్లలకు పూర్తి మత్తు కావాలి. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఆ తునకల నుంచి కణాలు పాకి, కార్నియా అంతా కప్పుతాయి. నాట్లు వేసినట్టే.

ఎంతవరకు నిలుస్తుంది? 2016లో ప్రచురించిన 125 కళ్ల పరిశీలనలో 76 శాతం కళ్లలో పైపొర నిలిచింది. అదే అధ్యయనం విఫలం కావడానికి కారణాలనూ చెప్పింది, ఎంపికకు అవే ఎక్కువ పనికొస్తాయి: యాసిడ్ గాయం, రెప్ప తీవ్రంగా అతుక్కుని ఉండటం, అదే సమయంలో కార్నియా కూడా మార్చడం, నాటిన తునకలు ఊడిపోవడం. అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో ఆటోగ్రాఫ్ట్ 81, స్లెట్ 78, క్లెట్ 61 శాతం దగ్గర నిలిచాయి. మొదటి రెండింటి మధ్య తేడా పెద్దది కాదు.

ఈ లెక్కన రెప్ప అతుకు తక్కువగా ఉన్న, ఒక కంటికే పరిమితమైన గాయానికి మొదట అడగాల్సింది స్లెట్ అని మా అభిప్రాయం. మంచి కంటి నుంచి తీసేది తక్కువ, విఫలమైతే రెండోసారి తీసుకునే వీలుంటుంది. రెప్ప బాగా అతుక్కున్న కంటికి ఆటోగ్రాఫ్ట్ మొగ్గుతుంది, లేదా స్లెట్‌తోపాటు అతుకు విడదీసి, కంజంక్టైవానో నోటి లోపలి పొరనో కలిపి వేస్తారు.

ఒక హెచ్చరిక. "రెండో కన్ను బాగానే ఉంది" అన్న మాటను నమ్మి కోయించుకోకండి. సున్నం చిమ్మినప్పుడు రెండు కళ్లలో పడి, ఒకటి తక్కువ దెబ్బతిని పైకి మామూలుగా కనిపించే కేసులు ఉంటాయి. అలాంటి కంటి నుంచి ముక్క తీస్తే అదీ జారిపోతుంది. మంచి కంటికి కూడా ఫ్లోరసిన్ వేసి లింబస్ చుట్టూ చూశారా అని అడగండి. ఆ కంటికి పాత జబ్బులు, లెన్సు అలవాటు ఉంటే ముందే చెప్పండి.

తేదీ తీసుకునే ముందు సరిచేయాల్సినవి

మంచి ఆపరేషన్లు విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. కన్నీరు కొలిచే కాగితం పరీక్షలో ఐదు నిమిషాలకు 5 మిల్లీమీటర్లు కూడా తడవకపోతే, ఎండిన నేల మీద నాటినట్టే, మూలకణాలు బతకవు. రెప్ప సరిగా మూతపడకపోతే, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి గుచ్చుకుంటుంటే ముందు రెప్ప ఆపరేషన్. కంటి ఒత్తిడి తప్పక కొలవాలి, అది పెరిగితే వచ్చేదే నీటికాసులు. సున్నం గాయంలోనూ, నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు వేసినవాళ్లలోనూ అది నిశ్శబ్దంగా నరాన్ని తినేస్తుంది. నరం పోయిన కంటికి ఎంత శుభ్రమైన కార్నియా ఇచ్చినా చూపు రాదు. కార్నియా తెల్లగా ఉన్నప్పుడు లోపల రెటీనా కనబడదు కాబట్టి బీ స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) చేయిస్తారు.

ఇంకోటి సమయం. గాయం ఎర్రగా, వాచి ఉండగా మూలకణాలు నాటితే ఆ వాపే వాటిని చంపేస్తుంది. కన్ను చల్లబడటానికి కనీసం కొన్ని నెలలు ఆగుతారు, ఆరు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. ఆ మధ్యలో మాయ పొర కప్పడం, చుక్కలు వేయడం వృథా పని కాదు. అయితే చిన్నపిల్లల విషయంలో ఈ ఆలస్యం భారం అవుతుంది. ఏడెనిమిదేళ్లలోపు కన్ను తెల్లగా మూసుకుపోయి ఉంటే మెదడు ఆ కన్నును వాడటం మానేస్తుంది. డాక్టర్లు దాన్ని లేజీ ఐ అంటారు. అందుకే పిల్లలకు తేదీ, ఆ తర్వాత మంచి కంటికి ప్యాచ్ కట్టే ప్రణాళిక రెండూ ఒకేసారి మాట్లాడుకోవాలి.

రెండు కళ్లూ పోతే

ఇక్కడ మూలకణాలు ఇంకొకరివి. ఇంకొకరివి అంటే తిరస్కరణ, తిరస్కరణ అంటే మందులు. ఎంపిక అంతా ఆ మందుల భారాన్ని మోయగలరా అన్నదాని చుట్టూ తిరుగుతుంది.

బతికున్న బంధువు దాత అయితే తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో హెచ్‌ఎల్‌ఏ, అంటే కణజాల గుర్తులు, కలిసేవాళ్లను వెతుకుతారు. కణజాలం కలిసిన కొద్దీ తిరస్కరణ తగ్గుతుంది గానీ సున్నా కాదు. దాతకు కూడా పూర్తి కంటి పరీక్ష, హెపటైటిస్, హెచ్‌ఐవీ పరీక్షలు ఉంటాయి. మరణించిన దాత నుంచి తీసుకునే పద్ధతిలో లింబస్‌ను కార్నియా, తెల్లగుడ్డు అంచుతో కలిపి ఉంగరంలా తీసి వాడతారు. చిన్న వయసు దాత, మరణం తర్వాత కొద్ది రోజుల్లోపు తాజా కణజాలం కావాలి. ఎక్కువ మూలకణాలు వస్తాయి, ఇంట్లో ఎవరి కన్నూ ముట్టుకోనక్కర్లేదు. తిరస్కరణ బెడద మాత్రం ఇక్కడ ఇంకా ఎక్కువ.

ఈ రెండింటికీ రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, మొదట్లో స్టెరాయిడ్ మాత్రలు నెలలు కాదు, ఏళ్లు వాడాలి. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్ బి, షుగర్, కిడ్నీ, లివర్ పరీక్షలు. ఆ తర్వాత రక్తంలో మందు మోతాదు, క్రియాటినిన్, రక్తకణాల లెక్క, బీపీ క్రమం తప్పకుండా చూడాలి. నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొనేసుకునే అలవాటు టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీకి చేటు. క్షయకు వాడే రిఫాంపిసిన్ ఆ మందు మోతాదును పడగొడుతుంది, ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్ పెంచుతుంది. పంపరపనస కూడా పెంచుతుంది కాబట్టి ఆ పండు మానాలి. పిల్లలు కావాలనుకునే స్త్రీలకు మైకోఫెనొలేట్ ఇవ్వకూడదు, గర్భానికి ప్రమాదం. ఈ విషయం ఆపరేషన్‌కు ముందే ఆలుమగలు ఇద్దరి ముందూ చర్చకు రావాలి. నెలకోసారి రక్తపరీక్షకు రాలేని, మందులకు ఏడాది పొడవునా డబ్బు సమకూర్చుకోలేని కుటుంబం ఈ దారిలో అడుగుపెట్టక ముందే ఆ మాట డాక్టరుతో చెప్పేయడం మేలు. మధ్యలో మందు ఆపితే మార్పిడి పోతుంది, పైగా తర్వాత వేయబోయే కార్నియాకూ ముప్పు.

దానికి బదులు కృత్రిమ కార్నియా ఉంది. బోస్టన్ కెప్రో అనే రకాన్ని అమెరికాలో 1992లో అనుమతించారు. మధురై ఆరోల్యాబ్ తయారుచేసే ఆరో కెప్రో తక్కువ ధర రూపం. ఇందులో మూలకణాల ప్రశ్నే లేదు, చూపు త్వరగా వస్తుంది. కానీ జీవితాంతం యాంటీబయాటిక్ చుక్కలు, బ్యాండేజ్ లెన్సు తప్పవు. నీటికాసులు, వెనక పొర పెరగడం, చుట్టూ కార్నియా కరిగిపోవడం, లోపల ఇన్ఫెక్షన్ వెంటాడతాయి. ఒక్కరోజు చుక్కలు మానేసి "ఏమీ కాలేదు" అనుకునేవాళ్లకు ఇది సరిపడదు.

కన్ను పూర్తిగా ఎండి, పైపొర చర్మంలా గట్టిపడ్డ కేసులకు, ముఖ్యంగా స్టీవెన్స్ జాన్సన్ తర్వాత, మిగిలేది పంటితో చేసే ఆపరేషన్. ఇటలీలో స్ట్రాంపెల్లి 1960లలో మొదలుపెట్టాడు, తర్వాత ఫాల్సినెల్లి మార్పులు చేశాడు. కోరపన్ను, దాని ఎముక పలక తీసి, మధ్యలో ప్లాస్టిక్ కాంతి గొట్టం పెట్టి, కొన్ని నెలలు చర్మం కింద దాచి రక్తప్రసరణ వచ్చాక కంట్లో అమర్చుతారు. బుగ్గ లోపలి పొరతో కన్ను కప్పుతారు. చూడటానికి అందంగా ఉండదు, చెన్నై వంటి కొద్ది చోట్లే చేస్తారు, మంచి పళ్లు ఉండాలి, ఒక కన్ను బాగున్నవాళ్లకు చేయరు. కానీ ఇంకే దారీ లేని కంటికి ఏళ్లపాటు చూపు నిలిపే సత్తా దీనికే ఉంది.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు నెలలు

స్లెట్ తర్వాత ప్రెడ్నిసొలోన్ 1 శాతం చుక్కలు రోజుకు ఆరుసార్ల దాకా మొదలై, ఆరు ఎనిమిది వారాల్లో మెల్లగా తగ్గుతాయి. యాంటీబయాటిక్ చుక్కలు పైపొర మూసుకునే దాకా. లెన్సు జారి పడిపోతే మీరే మళ్లీ పెట్టకండి. అదే రోజు వెళ్లండి, తునకలు దాంతోపాటు ఊడి ఉండొచ్చు. పిల్లలకు కన్ను నలపకుండా రాత్రి గట్టి కవచం కట్టాలి. తలస్నానం, పొయ్యి సెగ, పొలంలో మిర్చి కల్లాల దుమ్ము డాక్టరు చెప్పేదాకా వద్దు. యార్డులో పనిచేసేవాళ్లు జనవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చే సీజన్‌ను తప్పించి తేదీ అడగడం తెలివైన పని. నాటు సలహాలు, అంటే ఆముదం, చనుబాలు, తేనె, చెవిన పెట్టకండి.

ఒక మూల నుంచి రక్తనాళాలు మళ్లీ పాకుతూ కనిపిస్తే అది మొదటి హెచ్చరిక. తొందరగా పట్టుకుంటే చిన్న సరిదిద్దుబాటుతో ఆగుతుంది. పైపొర నిలిచాక కూడా కింద మచ్చ మిగిలి చూపు మసకగా ఉంటే అప్పుడు కార్నియా మార్పిడి. దాన్ని మొదటి ఆపరేషన్‌తోనే కలిపేయమని ఒత్తిడి చేయకండి, విడివిడిగా చేసినప్పుడే ఫలితం బాగుంటుంది. లోపలి పొర బాగుంటే పైపొరలు మాత్రమే మార్చే లామెల్లర్ పద్ధతి చాలు, తిరస్కరణ తగ్గుతుంది. కొందరికి స్క్లీరల్ లెన్సుతోనే సరిపడా చూపు వస్తుంది, రెండో ఆపరేషన్ అక్కర్లేదు.

విజయవాడ, గుంటూరు నుంచి బయలుదేరేముందు

తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం, పెదకాకాని దగ్గర శంకర కంటి ఆసుపత్రి, గుంటూరులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి. కాబట్టి మొదటి పరీక్షకు, తర్వాతి చూపింపులకు దూరం పోనక్కర్లేదు. ఫోన్ చేసి కంటి డాక్టరు ఉన్నారా అని కాకుండా, కార్నియా నిపుణులు ఏ రోజుల్లో ఉంటారు, లింబస్ మార్పిడి ఇక్కడే చేస్తారా లేక హైదరాబాద్ పంపుతారా అని అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే మీ డాక్టరు రాసిన ఆపరేషన్ పేరును ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రకు చూపించి, ఆ పేరుతోనే ప్యాకేజీ ఉందా, మాయ పొర, ఫైబ్రిన్ జిగురు అందులోనే వస్తాయా లేక విడిగా కొనాలా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. బయటి ఖర్చు ఎక్కువగా ఆ రెండింటి దగ్గరే పేరుకుంటుంది.

సంచిలో ఉండాల్సినవి: గాయం జరిగిన తేదీ, పడిన పదార్థం పేరు (ప్యాకెట్ ఉంటే ప్యాకెట్టే), మొదటి రోజు ఆసుపత్రి చీటీ, ఇప్పటిదాకా వేసిన ప్రతి చుక్క సీసా, పాత ఫోటోలు, రెండు కళ్ల ఒత్తిడి కొలతలు. స్టీవెన్స్ జాన్సన్ అయితే ఏ మాత్ర పడలేదో రాసి ఉన్న కాగితం పర్సులోనే ఉండాలి, ఎందుకంటే ఆపరేషన్ గదిలో మత్తు డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.